బోసినోటి రాజు

చిటికెన వేలి గోటికన్నా కాస్త పెద్ద నాణెం అది. బరువు రెండున్నర గ్రాములకు మించదు. పేరుకు వెండిదే గాని, కలిపిన నాసి లోహం వల్ల రంగు బూడిదకు తిరిగింది. ఒకవైపు ఒక వృద్ధుడి ముఖం ఉంది. నుదుటిని చుట్టిన రాజపట్టం కొసలు మెడ వెనక్కి జారి ఉన్నాయి. బుగ్గలు పీక్కుపోయాయి. పెదవులు రెండూ నోట్లోకి ముడుచుకుపోతే గడ్డం ముందుకు పొడుచుకొచ్చింది. పళ్లు మిగలని ముఖం. మన ఇళ్లలో ముత్తాతల ముఖాన చూసిన బోసినోరే, రెండు వేల ఏళ్ల నాటి లోహం మీద కనిపిస్తుంది.

ఆయన పేరు స్ట్రాటో. ఆ పేరు పెట్టుకున్న రాజుల్లో రెండోవాడు. సుమారు క్రీ.పూ. 25 నుంచి క్రీ.శ. 10 దాకా తూర్పు పంజాబు నేలను ఏలిన గ్రీకు రాజు. అలెగ్జాండరు కత్తితో ఆసియాలో మొదలైన గ్రీకు రాజ్యాల వరుసలో తూర్పు కొసన, అందరికన్నా ఆఖరున నిలబడినవాడు. ఆయన గురించి గ్రీసులో గాని, రోములో గాని, మన దేశంలో గాని ఏ గ్రంథకర్తా ఒక్క వాక్యం రాసిపెట్టలేదు. ఏ రాతి శాసనం మీదా ఆయన పేరు లేదు. ఈ చిన్న నాణేలే నేలలో మిగిలి ఉండకపోతే అలాంటి మనిషి ఒకడు పుట్టి, పట్టం కట్టుకుని, ముసలివాడై, రాజ్యం పోగొట్టుకున్నాడన్న సంగతి లోకానికి తెలిసేదే కాదు.

క్లియోపాత్రా సంగతి అందరికీ తెలుసు. క్రీ.పూ. 30లో అలెగ్జాండ్రియాలో ఆమె ప్రాణం తీసుకున్నప్పుడు గ్రీకు రాజుల యుగం ముగిసిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆమె మీద నాటకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. ఆమె పోయిన తర్వాత కూడా దాదాపు నలభై ఏళ్ల దాకా పంజాబులో ఒక గ్రీకు రాజు తన ముఖంతో, తన భాషతో నాణేలు ముద్రించుకుంటూనే ఉన్నాడు. ఆయన కోసం కంట తడి పెట్టిన కవి ఒక్కడూ లేడు.

ఈ కథ అర్థం కావాలంటే ముందుకథ కొంత చెప్పుకోవాలి. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు జీలం ఒడ్డున పోరస్‌తో తలపడి, బియాస్ దాకా వచ్చి, సైన్యం మొండికేస్తే వెనుదిరిగాడు. పంజాబు మౌర్యుల చేతికి వచ్చింది. కాని హిందూకుష్ పర్వతాలకు అవతల, ఆము దరియా లోయలో, బాక్ట్రియాలో స్థిరపడిన గ్రీకులు అక్కడే ఉండిపోయారు. వాళ్లకు నగరాలు, నాటకశాలలు, వ్యాయామశాలలు ఉండేవి. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఆయ్ ఖానుమ్‌లో ఫ్రెంచి పురావస్తు శాఖవారు తవ్వినప్పుడు అవన్నీ బయటపడ్డాయి. ఆ రాజుల్లో ఒకడైన యూక్రటైడిస్ ముద్రించిన బంగారు నాణెం ఒకటి పారిస్‌లో ఉంది. దాని బరువు సుమారు 169 గ్రాములు. ప్రాచీన లోకం నుంచి మనకు దక్కిన బంగారు నాణేల్లో అంత పెద్దది మరొకటి లేదు. అక్కడ మొదలైన చరిత్ర రెండున్నర గ్రాముల కల్తీ వెండి దగ్గర ముగిసింది.

మౌర్య సామ్రాజ్యం కూలాక, క్రీ.పూ. రెండో శతాబ్దం మొదట్లో ఆ గ్రీకులు హిందూకుష్ దాటి మళ్లీ ఇటు దిగారు. మన పురాణాలు వాళ్లను యవనులన్నాయి. యవనుడు సాకేతాన్ని ముట్టడించిన సంగతిని పతంజలి తన మహాభాష్యంలో వ్యాకరణ ఉదాహరణగా వాడుకున్నాడు. సింధు ఒడ్డున శుంగ రాకుమారుడు వసుమిత్రుడు యవనులతో తలపడిన ముచ్చట కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలోకి ఎక్కింది. ఆ యవనుల్లో అందరికన్నా గొప్పవాడు మినాండర్. బౌద్ధులు ఆయన్ని మిలిందుడన్నారు. సాగల నగరంలో నాగసేన భిక్షువును ఆ రాజు అడిగిన ప్రశ్నలు, భిక్షువు చెప్పిన జవాబులు పాళీలో మిలిందపన్హ అనే గ్రంథమై నిలిచాయి. ఇప్పటి సియాల్‌కోటే ఆ సాగల అని పండితుల మాట. మినాండర్ పోయాక ఆయన చితాభస్మం కోసం నగరాలు పోటీపడ్డాయనీ, చివరికి పంచుకుని తలా ఒక స్మారకం కట్టుకున్నాయనీ ప్లుటార్క్ రాశాడు.

మినాండర్ నాణెం వెనకవైపు ఎథీనా దేవి ఉంటుంది. ఒక చేత డాలు, మరో చేత పిడుగు పట్టుకుని యుద్ధానికి నిలబడిన రూపం. మాసిడోనియాలో, అలెగ్జాండరు పుట్టిన పెల్లా నగరంలో కొలిచిన ఎథీనా ఆమె. ఆ రూపాన్ని మినాండర్ ఇక్కడి నాణేల మీద నిలిపితే, ఆ తర్వాత వచ్చిన రాజుల్లో చాలామంది దాన్ని వదల్లేదు. నూట యాభై ఏళ్ల తర్వాత స్ట్రాటో నాణెం వెనకా ఆ దేవతే ఉంది.

మినాండర్ తర్వాత కొద్ది కాలానికే మొదటి స్ట్రాటో కనిపిస్తాడు. పసివాడు. పక్కన తల్లి అగథోక్లియా. ఒకే నాణెం మీద ఇద్దరి ముఖాలూ ఒకదాని వెనక ఒకటి ఒదిగి ఉంటాయి. ఆమె మినాండర్ భార్యేననీ, భర్త పోయాక బిడ్డ తరఫున రాజ్యం నడిపిందనీ చాలామంది చరిత్రకారులు భావించారు. భారతదేశంలో ఒక స్త్రీ తన ముఖంతో, తన పేరుతో నాణేలు వేయించిన తొలి సందర్భాల్లో అదొకటి. కొడుకు పెద్దవాడయ్యాక తల్లి ముఖం తొలగిపోయి కుర్రవాడి ముఖం ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత జరిగినదంతా తరుగుదలే. ఆ తరుగుదలకు రెండు కారణాలు. మొదటిది ఇంట్లో పుట్టింది. సుమారు రెండు వందల ఏళ్లలో ముప్పైమందికి పైగా గ్రీకు రాజులు ఈ నేల మీద నాణేలు వేశారు. అంతమంది ఒకరి తర్వాత ఒకరు ఏలి ఉండటానికి కాలం చాలదు. ఒకే సమయంలో ఇద్దరు, ముగ్గురు, నలుగురు రాజులుండేవారు. ఒకరి నాణెం మీద మరొకరు తమ అచ్చు కొట్టుకునేవారు. అడుగున ఓడినవాడి పేరు సగం చెరిగి, పైన గెలిచినవాడి పేరు సగం పడిన నాణేలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అన్నదమ్ముల బిడ్డలు ఒకరి గొంతు ఒకరు కోసుకున్న చరిత్ర ఆ నాణేల మీద రెండు పొరలుగా కనిపిస్తుంది.

రెండో కారణం ఉత్తరం నుంచి వచ్చింది. చైనా సరిహద్దుల్లో షియోంగ్నూల దెబ్బకు చెదిరిన యుయేజీ తెగలు పడమటికి జరిగాయి. వాళ్ల తాకిడికి శకులు కదిలారు. క్రీ.పూ. 145 ప్రాంతంలో ఆయ్ ఖానుమ్ తగలబడింది. క్రీ.పూ. 130 నాటికి బాక్ట్రియా పోయింది. క్రీ.పూ. 128 ప్రాంతంలో చైనా రాయబారి ఝాంగ్ చియెన్ ఆ ప్రాంతానికి వెళ్లినప్పుడు అక్కడ పెద్ద రాజంటూ లేడని, ఊరికో నాయకుడున్నాడని, జనం వ్యాపారంలో దిట్టలే గాని యుద్ధమంటే భయపడతారని విన్నాడు. పర్వతాలకు అవతల పుట్టిల్లు పోయింది. ఇవతల ఉన్నవాళ్లు ఒంటరివాళ్లయ్యారు.

ఒంటరితనంలోనూ కొన్నాళ్లు వైభవం సాగింది. తక్షశిల రాజు ఆంటియాల్కిడాస్ పంపిన రాయబారి హెలియోడోరస్ విదిశలో వాసుదేవుడికి గరుడ స్తంభం ఎత్తి, తాను భాగవతుణ్ణని చెక్కించుకున్నాడు. ఆ స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. మథుర దగ్గర మఘేరా గ్రామంలో 1988లో ఒక శాసనం దొరికింది. అహోగని అనే ఆమె, వీరబలుడనే వర్తకుడి తల్లి, బావి, చెరువు తవ్వించి ఆ పుణ్యకార్యం తేదీని యవన రాజ్యం 116వ సంవత్సరమని రాయించింది. ఒక వర్తకుడి ఇంట్లో పెద్దావిడ కూడా లెక్క పెట్టుకునేంతగా ఆ రాజ్యం ఈ నేలకు అలవాటైపోయింది.

క్రీ.పూ. మొదటి శతాబ్దంలో శకుల నాయకుడు మావుస్ తక్షశిలను పట్టుకున్నాడు. రెండో అపొలోడోటస్ కొంత తిప్పికొట్టాడు. తర్వాత వచ్చిన హిప్పోస్ట్రాటస్ గట్టిగానే నిలబడ్డాడు. అతని నాణేలు పెద్దవి, అందమైనవి. అతని తర్వాత పడమటి పంజాబు శక రాజు ఏజిస్ పాలైంది. ఏజిస్ గ్రీకుల పాత నాణేల మీద తన అచ్చు కొట్టించాడు. ఇక జీలం నదికి తూర్పున, జమ్మూ కొండల కింద, ఒక చిన్న ముక్క మాత్రమే గ్రీకు రాజుల చేతిలో మిగిలింది.

ఆ ముక్కను డయోనీసియస్, రెండో జోయిలస్, అపొలోఫనీస్, ఆ తర్వాత రెండో స్ట్రాటో ఏలారు. నాణేల వరుసలో వీళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. ఒక్కో రాజుకూ వెండి కొంత తగ్గింది. ఒక్కో రాజుకూ ముఖం గీత మొద్దుబారింది. గ్రీకు అక్షరాల్లో గుండ్రనివి పలకలు తేలాయి, కొన్ని తారుమారయ్యాయి. అచ్చు పెద్దది, లోహపు బిళ్ల చిన్నది కావడంతో పేరులో సగం అంచు దాటి బయటికి పోయింది. నాణెం మీద పడని అక్షరాలన్నీ ఆ టంకశాలలో దిమ్మె మీదే ఉండిపోయాయి.

ఆ టంకశాలను ఒక్కసారి తలుచుకోండి. కింద దిమ్మెలో బిగించిన అచ్చు మీద రాజు ముఖం తిరగేసి చెక్కి ఉంటుంది. దాని మీద కాల్చిన బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ముందువైపు రాజు, వెనకవైపు దేవత ఒకేసారి దిగుతారు. గ్రీకు లిపి ఒకవైపు, ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతం ఒకవైపు. ఒక నాణెం మీద రెండు భాషలు రాయడం ఈ యవన రాజులే ఇక్కడ అలవాటు చేశారు. స్ట్రాటో కాలానికి అచ్చు చెక్కేవాడికి ఖరోష్ఠీ చేతికి తిరిగినంత సులువుగా గ్రీకు తిరగడం లేదు. అతను ఏ అక్షరం ఎలా పలుకుతుందో తెలియకుండా, పాత నాణెం పక్కన పెట్టుకుని ఆకారం చూసి గీస్తున్నట్టుంటుంది. గ్రీకు రాజు ఉన్నాడు, గ్రీకు చదివేవాళ్లు తగ్గిపోయారు.

అయినా ఆ పనివాడి చేతిలో ఒక నిజాయితీ ఉంది. నాణెం రాజు చేయించుకునే ప్రచారం. ఎంత ముసలి రాజైనా నాణెం మీద పాతికేళ్ల యువకుడిగా కనిపించాలనుకుంటాడు. చాలామంది రాజుల ముఖాలు ఏళ్లు గడిచినా మారవు. స్ట్రాటో అలా చేయించుకోలేదు. తన బోసినోటినీ, పీక్కుపోయిన బుగ్గల్నీ దాచమని అనలేదు. బాక్ట్రియాలో మొదటి తరం గ్రీకు శిల్పులు రాజుల ముఖాలను ఉన్నదున్నట్టు, ముడతలతో సహా చెక్కేవారు. ఆ విద్యలో మిగిలిన ఆఖరి పాలు ఇక్కడ కనిపిస్తుంది. నైపుణ్యం పోయింది, లోహం పోయింది, లిపి పోయింది. మనిషిని మనిషిలా చూపించాలన్న పట్టుదల మాత్రం పోలేదు.

ఈ ముఖమే ఒక శతాబ్దం కిందట చరిత్రకారుల్ని కదిలించింది. ఇంగ్లండుకు చెందిన నాణేల పండితుడు ఇ. జె. రాప్సన్ స్ట్రాటో పేరున్న నాణేలన్నీ వరసగా పేర్చి చూశాడు. తల్లి పక్కన పసివాడు, ఆ తర్వాత నూనూగు మీసాల కుర్రాడు, గడ్డం పెంచిన నడివయసువాడు, చివరికి పళ్లూడిన ముసలివాడు. ఇదంతా ఒక్క మనిషి జీవితమేననీ, ఆయన డెబ్బై ఏళ్లపాటు రాజ్యం చేశాడనీ అతను రాశాడు. తల్లి చేయి పట్టుకుని సింహాసనం ఎక్కినవాడు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కూలిపోతున్న రాజ్యాన్ని కళ్లారా చూశాడన్న ఆ కథ ఎంతో అందంగా ఉండటంతో చాలాకాలం నిలిచింది.

ఆ తర్వాతి పండితులు టంకశాల గుర్తులనూ, వెండి నాణ్యతనూ, నిధుల్లో ఏ నాణేలు ఏ నాణేలతో కలిసి దొరికాయన్న సంగతినీ పరిశీలించారు. శ్రీలంకలో పుట్టిన ఒస్మండ్ బొపెఆరచ్చి 1991లో అచ్చయిన తన పెద్ద జాబితాలో ఇద్దరినీ విడదీశాడు. తల్లితో కనిపించే స్ట్రాటో క్రీ.పూ. రెండో శతాబ్దం చివరివాడు. బోసినోటి స్ట్రాటో అంతకు దాదాపు నూరేళ్ల తర్వాతివాడు. ఇద్దరి మధ్య పడమటి దేశమంతా పోయింది.

విడదీసినందువల్ల విషాదం తగ్గలేదు. ఆ ముసలాయనకు అదే పేరు ఎవరు పెట్టి ఉంటారు? మినాండర్ నాటి సంపద గుర్తున్న ఇంట్లో పుట్టిన బిడ్డకు పెద్దలు పాత రాజు పేరు పెట్టుకున్నారు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే ఆ పేరుతోపాటు పాత దేవతనూ, పాత బిరుదునూ అప్పగించారు. మహారాజు, త్రాత స్ట్రాటో అని ఖరోష్ఠీలో ఉంటుంది. పేరు ఇవ్వగలిగారు, దేవతను ఇవ్వగలిగారు. సైన్యాన్నీ, కనుమలనూ, వెండినీ ఇవ్వలేకపోయారు.

ఆఖరి దశలో నాణెం మీద రెండో పేరు చేరింది. స్ట్రాటో, ఆయనతోపాటు ప్రియపిత స్ట్రాటో. మూడో స్ట్రాటో అని మనం పిలుచుకునే ఆ రెండోవాడు ముసలి రాజుకు మనవడని ఖరోష్ఠీ పాఠాన్ని చదివినవాళ్లు చెప్పారు. కొందరు కొడుకని చదివారు. ఎలా చదివినా సంగతి ఒకటే. వృద్ధుడు తన తర్వాత గొడవ రాకూడదనుకున్నాడు. రాజ్యం ఎంత చిన్నదైనా వారసుడెవరో తాను బతికుండగానే లోకానికి చెప్పిపోవాలనుకున్నాడు. చేతిలో ఉన్న సాధనం నాణెం ఒక్కటే కనుక దాని మీదే చెప్పాడు. అంచుకు చోటు చాలక అక్షరాలు కుక్కి కుక్కి రాయించాడు. అన్నదమ్ముల కలహాలతో నూట యాభై ఏళ్లు రక్తం కారిన వంశాల్లో చిట్టచివరి రాజు చేసిన చివరి పని, ఒక బిడ్డను తన పక్కన నిలబెట్టుకోవడం.

ఆ బిడ్డ ఒక్కడే ఏలిన రోజు వచ్చిందో లేదో గాని, ఆ తర్వాత గ్రీకు రాజు పేరుతో ఆ టంకశాల నుంచి నాణెం రాలేదు.

వచ్చిన నాణెం రాజువులుడిది. మథురను ఏలిన శక మహాక్షత్రపుడు. క్రీ.శ. 10 ప్రాంతంలో ఆ నేల ఆయన చేతికి వచ్చింది. ఆయన స్ట్రాటో నాణేన్ని పక్కన పారేయలేదు. అదే పరిమాణం, అదే పట్టం కట్టిన తల, వెనక అదే ఎథీనా. చుట్టూ గ్రీకు అక్షరాల్లాంటివి ఉన్నాయి గాని వాటితో పేరు కూర్చి చదవలేం. ఖరోష్ఠీ మాత్రం స్పష్టం. ఎవరి చక్రాన్ని ఎవరూ అడ్డుకోలేరో ఆ క్షత్రపుడు రాజువులుడు, అని అందులో ఉంది. మథురలో దొరికిన ఒక నిధిలో స్ట్రాటో నాణేలూ, రాజువులుడి నాణేలూ ఒకే చోట కలిసి ఉన్నాయి. సంతలో జనం రెండింటినీ ఒకే డబ్బుగా చెల్లించుకున్నారు. ఓడిన రాజు ముఖం, గెలిచిన రాజు పేరు ఒకే సంచిలో తిరిగాయి.

రాజువులుడికి చరిత్ర దయ చూపింది. ఆయన పట్టపురాణి బుద్ధుడి ధాతువు ప్రతిష్ఠించి, స్తూపం, సంఘారామం కట్టించి, ఆ దానాన్ని ఎర్రరాతి సింహాల ఒళ్లంతా ఖరోష్ఠీలో చెక్కించింది. ఆ మథుర సింహ శీర్షాన్ని 1869లో పండిత భగవాన్‌లాల్ ఇంద్రజీ కనుగొన్నాడు. అదిప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఓడించినవాడి భార్య, బంధువులు, స్నేహితుల పేర్లు కూడా రాతి మీద ఉన్నాయి. ఓడిపోయినవాడి ఇంట్లో ఎవరున్నారో చెప్పే రాయి ఒక్కటీ లేదు.

రాజువులుడి కొడుకు శోడాసుడి కాలానికి మథుర నాణేల మీద ఎథీనా పోయి లక్ష్మి వచ్చింది. గ్రీకు అక్షరాలు పోయి బ్రాహ్మీ వచ్చింది. అలా ఆ తూర్పు కొసన గ్రీకు గుర్తు ఆఖరిసారిగా చెరిగింది.

మనుషులు ఎక్కడికీ పోలేదు. వాళ్లకు పోవడానికి వేరే దేశం లేదు. తరతరాలుగా ఇక్కడి స్త్రీలను పెళ్లాడి, ఇక్కడి దేవుళ్లకు మొక్కి, ఇక్కడి నేలలో కలిశారు. ఆ తర్వాత కూడా పడమటి కనుమల్లో కార్లే బౌద్ధ గుహ స్తంభాల మీద దాతలు తాము యవనులమని చెప్పుకుని పేర్లు చెక్కించుకున్నారు. రాజ్యం పోయింది గాని ఆ పేరు చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

నాణెం కూడా ప్రయాణం ఆపలేదు. తెలుగువారికి ఈ కథతో నిజమైన బంధుత్వం ఇక్కడే ఉంది. గ్రీకు రాజుల వెండి నాణెం పద్ధతిని పడమటి క్షత్రపులు అందుకున్నారు. నహపానుడు తన ముఖం వేసి, చుట్టూ అరకొర గ్రీకు అక్షరాలతో వెండి నాణేలు ముద్రించాడు. అతణ్ణి ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేల మీదే తన అచ్చు కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో బయటపడ్డ నిధిలో నహపానుడి నాణేలు 13 వేలకు పైగా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం మీద శాతకర్ణి ముద్ర పడి ఉంది. శక, యవన, పహ్లవులను నాశనం చేసినవాడని ఆయన్ని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో కీర్తించింది. ఆ తర్వాత ఆ శాతవాహనులే తమ ముఖాలతో, రెండు భాషల్లో వెండి నాణేలు వేయించారు. ఒకవైపు ప్రాకృతం, మరోవైపు ద్రావిడ భాష. రాజు ముఖం ఒకవైపు ఉండాలనీ, నాణెం రెండు భాషల్లో మాట్లాడాలనీ ఈ దేశానికి నేర్పినవాళ్లలో ఆ పంజాబు యవనులు ముందువరుసలో ఉన్నారు.

ఇప్పుడు స్ట్రాటో గురించి తీర్పు చెప్పాలంటే ఏం చెప్పగలం? ఆయన గొప్ప విజేత కాడు. ఒక చిన్న రాజ్యానికి ముసలి రాజు. ఎటు చూసినా శత్రువులున్న నేలలో, తన వెనక సాయానికి వచ్చే దేశం ఒక్కటీ లేని కాలంలో, చేతనైనన్నాళ్లు నిలబడ్డాడు. పారిపోయే దారి లేనివాడు నిలబడటం పెద్ద విశేషం కాదని అనుకోవచ్చు. కాని తన ముందున్న రాజులు నవ యవ్వనంతో మెరిసిన చోట తన వార్ధక్యాన్ని దాచకుండా, తన తర్వాతివాణ్ణి పక్కన నిలిపి, లోకానికి ముఖం చూపించి ఓడిపోవడానికి ధైర్యం కావాలి. ఓటమిని ఆయన సింగారించలేదు. అందుకే అలెగ్జాండరుతో మొదలైన వరుసలో ఆయన ముఖానికి కూడా చోటు దక్కాలి. చరిత్ర పుస్తకాలు క్లియోపాత్రా దగ్గర ఆపే వాక్యాన్ని పంజాబు దాకా, ఈ ముసలి రాజు దాకా చదివి ముగించాలి.

ఒక్క నాణెం నేలలోంచి తీసి కరిగించేస్తే ఇలాంటి మనిషి పూర్తిగా లేకుండా పోతాడు. ఆఫ్ఘనిస్తాన్‌లోని మీర్ జకా బావిలో 1990లలో బయటపడ్డ లక్షల నాణేలు బస్తాలకు బస్తాలు దొంగ సంతల్లోకి పోయాయి. వాటిలో ఏ రాజు ఏ రాజు తర్వాత వచ్చాడో చెప్పగల సాక్ష్యం చెదిరిపోయింది. ఇది ఎక్కడో దూరాన జరిగిన నష్టమనుకోవద్దు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు కూడా మనకు నాణేల వల్లనే తెలుసు. వాళ్ల కథ చెప్పే గ్రంథమూ లేదు, శాసనమూ లేదు. మీ పొలంలోనో, పాత ఇంటి పునాదిలోనో ఎప్పుడైనా అక్షరాలున్న పాత బిళ్ల కనిపిస్తే, దాన్ని తోమకండి, కరిగించకండి, అమ్మకండి. ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు అప్పగించండి. ఒక రాజు ఉన్నాడని చెప్పడానికి ఈ లోకంలో మిగిలిన సాక్షి అదొక్కటే కావచ్చు.